పెద్ద కోడలి నూట ముప్పై ఎనిమిది

ఆ ఇంటికి ఇద్దరు కోడళ్ళు. ఇద్దరూ నర్సులే. చిన్న కోడలు గుండె మీద పని చేసేది, పెద్ద కోడలు కడుపుమంట మీద. మొదటిది జీతానికి, రెండోది ఉచితంగా.

ఆ మంట పుట్టుకతో వచ్చింది కాదు, చేతులారా రాజేసుకున్నది. పద్దెనిమిదేళ్ళ కిందట, వంతెన కింది వీధుల క్లినిక్కులో పెద్దామె అప్పటికే సిస్టరమ్మగా పేరు మోసిన రోజుల్లో, నర్సింగు పాసై వణికే చేతులతో వచ్చి చేరింది ఒక పిల్ల. బీపీ పట్టీ చుట్టడం ఆ పిల్లకు నేర్పింది సిస్టరమ్మే. పట్టీకీ చేతికీ మధ్య రెండు వేళ్ళు దూరాలి, మూడు దూరకూడదు. చెవిలో మొదటి చప్పుడు పడిన చోట పై అంకె, చప్పుడు ఆగిన చోట కింది అంకె. అంకె తప్పు రాస్తే మనిషినే తప్పు రాసినట్టని హెచ్చరించిందీ ఆమే. పిల్ల చురుకు, పైగా బుద్ధిమంతురాలు అని ముచ్చటపడి, నాలుగేళ్ళయ్యాక తన మరిదికి తానే సంబంధం మాట్లాడింది. కందకు లేని దురద కత్తికెందుకంటారు. ఇక్కడ కత్తే ఏరి కోరి కందను ఇంటికి తెచ్చుకుంది.

తెచ్చుకున్న తోడికోడలు తోడుగా ఉంటుందనుకుంటే, చదువును బావిలో నీళ్ళలా తోడటం మొదలుపెట్టింది. డ్యూటీ చేస్తూ ఒక పట్టా, పిల్లను కని ఇంకో పట్టా, చివరికి పరిశోధన చేసి పేరు ముందు డాక్టరు. చిన్నామెకు పట్టా మీద పట్టా వస్తుంటే పెద్దామె చేతిలో బీపీ పట్టీ ఒక్కటే మిగిలింది. పట్టాకూ పట్టీకీ తేడా జీతంలో కన్నా అత్తగారి గొంతులో ఎక్కువగా వినిపించేది. ఇంటికి ఎవరొచ్చినా ఆవిడ "మా డాక్టరు కోడలు" అని మొదలుపెట్టి, చిన్నామె బహుమతులన్నీ ఏకరువు పెట్టి, వచ్చినవాళ్ళు చెప్పులు వేసుకుంటున్నప్పుడు "పెద్దమ్మాయి కూడా అక్కడే ఏదో చేస్తుంది" అనేది. ఆ "కూడా" విన్న రోజు సిస్టరమ్మకు కూడు సహించేది కాదు.

అదీ నర్సేనండీ అని ఆమె వాదించేది. వాదన నిజమే. చిన్న కోడలు వైద్యం చదవలేదు. నర్సుగానే ఉంటూ నర్సు పని మీదే పరిశోధన చేసింది. కానీ నిజాన్ని ఈసుతో కలిపి చెబితే ఎవరూ మింగరు. పై చదువులు చదివినామెకు పై వాటా, మోకాళ్ళ నొప్పులున్నామెకు కింది వాటా అని అత్తగారు పంచినప్పుడు, ఇదేదో తన మోకాళ్ళ మీద ప్రేమ కాదని సిస్టరమ్మకు అర్థమైంది. చిన్నామె ఫోటో పేపర్లో పడితే ఆ పేజీని భద్రంగా చింపి, అల్మరా అడుగు అరలో, మొహం కిందికి వచ్చేలా పరిచింది. ఆ రోజుల్లో ఆమెకు ఈసీజీ తీస్తే కాగితం మీద ఈసు తప్ప ఇంకేమీ పడేది కాదు.

చిన్న కోడలి పరిశోధనంతా ఒక్క ప్రశ్న చుట్టూ తిరిగేది. గుట్ట మీది వీధుల్లోవాళ్ళ కన్నా వంతెన కింది వీధుల్లోవాళ్ళకు గుండె పన్నెండేళ్ళు ముందుగా ఆగిపోతోంది. రెండింటి మధ్య నడిస్తే ఇరవై నిమిషాల దూరం. ఇరవై నిమిషాల దూరంలో పన్నెండేళ్ళ ఆయుష్షు ఎక్కడ జారిపోతోంది? ఇది కనిపెట్టడానికి నాలుగేళ్ళ కిందట ఆమె సిస్టరమ్మ క్లినిక్కుకే వచ్చింది, పాత రిజిస్టర్లు కావాలని. అడిగినవాళ్ళందరితో, మా అక్క రాసిన అంకె రాతి మీద గీత, మళ్ళీ కొలవక్కర్లేదని చెప్పింది. అందులోని అంకెలన్నీ కంప్యూటర్లోకి ఎక్కించింది. అదే ఆమె చేసిన తప్పు, అక్కను నమ్మడం.

ఎందుకంటే ఆ రిజిస్టర్లలో ఒక కిటుకు ఉంది.

వంతెన కింద సగం ఇళ్ళకు ఆధారం సరుకుల యార్డు. అక్కడ బస్తాలు మోసేవాళ్ళు నెలకోసారి క్లినిక్కు నుంచి ఫిట్‌నెస్ చీటీ తేవాలి. పదకొండేళ్ళ కిందట యార్డువాళ్ళు ఒక రూలు పెట్టారు: బీపీ పై అంకె నూట యాభై దాటితే బస్తా ముట్టుకోకూడదు. వినడానికి ఎంతో దయగల రూలు. బస్తా ముట్టుకోనివాడికి ఇంకో పని ఉండదు కాబట్టి, దయ అంతా గేటు బయటికి నడిపించడంలో ఉండేది. మొదటి నెలలోనే ఐదుగురిని నడిపించారు. వాళ్ళకు చీటీలు రాసింది సిస్టరమ్మే. ఐదిళ్ళ ఆడవాళ్ళూ క్లినిక్కు మెట్ల మీద కూర్చున్నారు. తిట్టలేదు, ఏడవలేదు. ఊరికే కూర్చున్నారు.

ఆ మరుసటి నెల నుంచి ఆమె పద్ధతి మారింది. అంకె ఎక్కువ వస్తే మనిషిని బల్ల మీద పడుకోబెట్టేది, నీళ్ళు తాగించేది, అరగంట తర్వాత మళ్ళీ చూసేది. అప్పటికీ దిగకపోతే మనిషి బీపీ దిగకపోయినా ఆమె పెన్ను దిగేది. నూట డెబ్బై అయినా, నూట తొంభై అయినా దిగి దిగి నూట ముప్పై ఎనిమిది దగ్గర ఆగేది. నూట నలభై రాస్తే అనుమానం వస్తుంది, నూట ఇరవై రాస్తే అన్యాయమవుతుంది. నూట ముప్పై ఎనిమిది మర్యాదగా ఉంటుంది. ఉప్పు తగ్గించమనీ, పెద్దాసుపత్రికి వెళ్ళి మాత్రలు తెచ్చుకోమనీ చెవిలో చెప్పేది. వాళ్ళు తలూపేవాళ్ళు, వెళ్ళేవాళ్ళు కాదు. క్లినిక్కులో మాత్రలు ఇద్దామంటే రిజిస్టరులో జబ్బు ఉండాలి. రిజిస్టరులో అందరూ గుండ్రాళ్ళలా ఉన్నారు.

ఆదివారం పొద్దున చిన్న కోడలు పై వాటా హాల్లో కర్టెన్లు లాగి, గోడ మీద బొమ్మలు వేసి, ఇంటిల్లిపాదినీ కూర్చోబెట్టింది. గురువారం ఆరోగ్య శాఖ పెద్దాఫీసులో కమిటీ ముందు ఇదే చెప్పాలట. బీపీ మాత్రల పథకం ఒక్క ప్రాంతానికే ఉంది. గుట్టకా, వంతెనకా అన్నది ఆమె మాట మీద తేలుతుందట. అత్తగారు ముందు కుర్చీలో, సిస్టరమ్మ తలుపు పక్కన, ఆమె భర్త సోఫాలో. ఆయనకు చీకటి పడితే చాలు, అది కర్టెను చీకటైనా సరే నిద్ర పట్టేస్తుంది.

గోడ నిండా చుక్కలు. ఒక్కో చుక్క ఒక్కో మనిషి, చుక్క ఎంత ఎత్తులో ఉంటే బీపీ అంత ఎక్కువ, ఎర్ర చుక్క పోయిన మనిషి. గుట్టవాళ్ళ చుక్కలు పైన, వంతెనవాళ్ళవి కింద. అంటే వంతెన కింద బీపీ తక్కువ, చావులు ఎక్కువ. కాబట్టి అక్కడి గుండెల్ని ఆపుతున్నది బీపీ కాదు, బహుశా యార్డు దుమ్ము. మాత్రలు గుట్టకు ఇవ్వండి, వంతెనకు మూతి గుడ్డలు ఇవ్వండి. ఇదీ నాలుగేళ్ళ పరిశోధన సారాంశం.

సిస్టరమ్మ లోపల ఏదో తియ్యగా కదిలింది. తప్పు. మొదటి చుక్క నుంచి చివరి చుక్క దాకా తప్పు. ఈ సంగతి ఆ గదిలో తెలిసిన మనిషి తనొక్కతే. ఇవాళ కాకపోతే రేపు, ఎవరో ఇంకో పరిశోధకుడు వచ్చి మళ్ళీ కొలుస్తాడు, డాక్టరు కోడలు పై వాటా నుంచి మెట్టుమెట్టుకీ దొర్లుకుంటూ కింది వాటాకు వస్తుంది. దానికి తను చెయ్యవలసిందల్లా నోరు మూసుకుని కూర్చోవడం. ఇరవై ఆరేళ్ళ సర్వీసులో ఇంత తేలికైన డ్యూటీ ఆమెకు ఎప్పుడూ పడలేదు.

చిన్న కోడలు కర్రతో ఒక ఎర్ర చుక్కను తాకింది. "ఈ మనిషికి నలభై మూడేళ్ళు. యార్డులో బస్తాతోనే పడిపోయాడు. దానికి పద్దెనిమిది రోజుల ముందు అక్క స్వయంగా చూసిన బీపీ నూట ముప్పై ఎనిమిది. నా దగ్గర ఇంతకన్నా నమ్మకమైన అంకె లేదు."

అత్తగారు కుర్చీలో వెనక్కి తిరిగి పెద్ద కోడలి వైపు చూసింది. ఆ చూపులో మెచ్చుకోలుంది. పద్నాలుగేళ్ళుగా సిస్టరమ్మ ఎదురుచూసిన చూపు, "కూడా" లేని చూపు. వచ్చి వచ్చి ఆ చుక్క మీద వచ్చింది.

ఆ చుక్కను యార్డంతా పెద్దన్న అని పిలిచేది. రెండు బస్తాలు ఒక్కసారి ఎత్తేవాడు. ఆ రోజు అతని అంకె నూట ఎనభై రెండు. కూతురికి బడి తెరుస్తారు, ఈ నెలొక్కటీ గట్టెక్కించండి అన్నాడు. గట్టెక్కించింది.

సోమవారమంతా సిస్టరమ్మ తనకు తానే సర్దిచెప్పుకుంది. అది పడాలి, పడనీ. నేనేం తోశానా? మంగళవారం పది గంటలకు, పెద్దన్న తమ్ముడు చిన్నన్న చీటీ కోసం వచ్చాడు. బీపీ నూట డెబ్బై ఆరు బై నూట పది. పడుకోబెట్టింది, నీళ్ళు తాగించింది, అరగంట ఆగింది. నూట డెబ్బై ఆరు కదల్లేదు.

చిన్నన్న లేచి చొక్కా చెయ్యి దించుకుంటూ, "అన్నకి రాసినట్టే రాసెయ్యండి సిస్టరమ్మా," అన్నాడు.

అతను మామూలుగానే అన్నాడు. అన్నకు చేసిన మేలు తనకూ చెయ్యమని అడిగాడంతే. సిస్టరమ్మ పెన్ను మూత తీసింది, పెట్టింది, మళ్ళీ తీసింది. చివరికి జ్వరం, మూడు రోజులు విశ్రాంతి అని రాసి ఇచ్చింది. అదీ అబద్ధమే. కాకపోతే ఈ అబద్ధంతో బస్తా మొయ్యక్కర్లేదు. గురువారం దాకా ఇల్లు కదలొద్దని చెప్పి, క్లినిక్కుకు తాళం వేసి, పెద్దాసుపత్రి వెనక భవనానికి వెళ్ళింది.

చిన్న కోడలి ఆఫీసు ఆమె ఎప్పుడూ చూడలేదు. చూస్తే ఏడుపొస్తుందని భయం. మూడో అంతస్తు, లిఫ్టు పనిచేయదు. తలుపు మీది బోర్డులో పేరుకు ముందు రెండక్షరాలు, వెనక రైలు పెట్టెల్లా డిగ్రీలు. లోపల చిరిగిన కుర్చీ, కిటికీకి ఎదురుగా జనరేటరు, కడగని మూడు కప్పులు, గోడ పొడుగునా పెట్టెల్లో తన రిజిస్టర్లు. ఇదా ఆ వైభవం? ఇన్నేళ్ళూ తను కుళ్ళుకున్నది ఈ గదిని చూసా? కనీసం కుళ్ళుకు తగ్గ కుర్చీ అయినా కొనుక్కోలేదేమిటి ఇది?

"అది నూట ముప్పై ఎనిమిది కాదు," అంది, కూర్చోకుండానే.

"ఏది అక్కా?"

"పెద్దన్నది. నూట ఎనభై రెండు."

చిన్న కోడలు పెన్ను కింద పెట్టింది. "అదొక్కటేనా?"

"నూట యాభై దాటినవన్నీ. యార్డు రూలు పెట్టిన దగ్గర్నుంచి. పదకొండేళ్ళు."

చిన్న కోడలు లేచి నిలబడింది. పెళ్ళై వచ్చిన నాటి నుంచీ అక్కను మీరు అనే మనిషి, మొదటిసారి నువ్వు అంది. "నువ్వే కదా నేర్పావు నాకు. అంకె తప్పు రాస్తే మనిషినే తప్పు రాసినట్టని."

"నేర్పాను. అంకె సరిగ్గా రాస్తే మనిషి ఉద్యోగం ఊడుతుందని నాకప్పటికి తెలీదు."

"ఆదివారం నా ఎదురుగానే కూర్చున్నావు. చూస్తూ ఊరుకున్నావు. ఎందుకు?"

సిస్టరమ్మ దగ్గర మంచి మంచి జవాబులున్నాయి. కార్మికుల కోసమనవచ్చు, భయమనవచ్చు. మెట్లెక్కిన ఆయాసంలో అవేవీ నోటికి రాలేదు. "నువ్వు పడితే చూద్దామని," అంది. "కుళ్ళు. ఇంకేముంటుంది?"

చిన్న కోడలు కిటికీ దగ్గరికి వెళ్ళి జనరేటరును చూస్తూ నిలబడింది. భుజాలు రెండుసార్లు కదిలాయి. తిరిగి వచ్చినప్పుడు కళ్ళు ఎర్రగా ఉన్నాయి గాని చేతిలో పెన్నుంది. ఇవాళ కొలిచినవాళ్ళలో ఎక్కువ ఎవరిదని అడిగింది. చిన్నన్నది, నూట డెబ్బై ఆరు బై నూట పది అని చెబితే రాసుకుంది. నాలుగేళ్ళ కష్టం కుప్పకూలిన పావుగంటలోనే కాగితం తీసి గీతలు గీయడం మొదలుపెట్టింది. దీనికి ఏడుపు కూడా చదువుకున్న ఏడుపేనని సిస్టరమ్మకు మళ్ళీ మండింది.

మండినా, వచ్చిన పని మరిచిపోలేదు. తన షరతులు చెప్పింది: కార్మికుల పేర్లు బయటికి రాకూడదు. బీపీ ఉందని ఒక్కరినీ గేటు బయటికి పంపకూడదు, ఆ మాట యార్డు మేనేజరు సంతకంతో కావాలి. అది లేకపోతే తను ఏమీ చెప్పలేదు, చిన్నామె ఏమీ వినలేదు. చిన్న కోడలు బుధవారం పొద్దున యార్డుకు వెళ్ళి నాలుగు గంటలు బెంచీ మీద కూర్చుంది. మేనేజరు దొరకలేదు. ఆయన గురువారం కమిటీలో సభ్యుడు కాబట్టి, అక్కడే పట్టుకుంటానని వచ్చి చెప్పింది. సిస్టరమ్మ సణుగుతూనే ఒప్పుకుంది.

గురువారం సిస్టరమ్మ చివరి వరసలో కూర్చుంది. చిన్న కోడలు లేచి, ఈ కమిటీకి పంపిన నివేదిక తప్పు, అందులోని తీర్పు తప్పు అని మొదలుపెట్టింది. కొంతమంది టీ కప్పులు కింద పెట్టారు. నూట యాభై రూలు గురించి చెప్పింది. అంకె ఎక్కువైతే పని పోతుందని తెలిసిన చోట నిజమైన అంకె ఎలా పుడుతుందని అడిగింది. గుట్ట మీదవాళ్ళకు బీపీ వస్తే మాత్ర దొరుకుతుంది, వంతెన కిందవాళ్ళకు బీపీ వస్తే గేటు దొరుకుతుంది. ఆ పన్నెండేళ్ళు జారిపోతున్నది ఆ గేటు దగ్గరే అంది. యార్డు మేనేజరు కుర్చీలో సర్దుకున్నాడు. హాలంతా ఆ గేటు మాటే వింటోంది.

సిస్టరమ్మ మాత్రం ఇంకోటి వింటోంది. తనను కాపాడాలని కాబోలు, చిన్నామె ఆమె పేరెత్తకుండా "ఒక నర్సు" అంటోంది. ఒక నర్సు దయతో అంకెలు దించింది. ఒక నర్సు వచ్చి నిజం చెప్పింది. మూడోసారి ఒక నర్సు అనేసరికి సిస్టరమ్మ ఇక ఓర్వలేకపోయింది. పదకొండేళ్ళు పెన్నుతో పోరాడింది తను, పెద్దన్న ఉసురు మోస్తున్నది తను, చివరికి తప్పు దగ్గర కూడా తన పేరుకు చోటు లేదా? తప్పయితేనేం, అది తన తప్పు. దాన్నీ ఈవిడే పట్టుకుపోతే ఎలా?

లేచి నిలబడి, "ఆ నర్సును నేనే," అంది. క్లినిక్కు పేరు చెప్పింది, సర్వీసు ఇరవై ఆరేళ్ళని చెప్పింది, ఒక మనిషి పోయాడని కూడా చెప్పింది.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ముందు వరస తలలన్నీ వెనక్కి తిరిగి, చూడవలసినంత చూసి, మళ్ళీ ముందుకు తిరిగాయి. అధ్యక్షుడు కళ్ళద్దాలు సర్దుకుని, అది రాతపూర్వకంగా ఇవ్వండమ్మా, కూర్చోండి అన్నాడు. కూర్చుంది. చిన్న కోడలు అందుకుని మేనేజరు వైపు తిరిగి, అంకె ఎక్కువున్నవాళ్ళను మూడు నెలలు తూకం దగ్గరా, లెక్కింపు దగ్గరా పెట్టడానికి అభ్యంతరమేమైనా ఉందా అని మెత్తగా అడిగింది. అంతమంది ఎదుట అభ్యంతరం ఉందనడానికి గుండెలు తీసిన బంటు కావాలి. ఆయన బంటు కాదు, ఉద్యోగి. ఎవరినీ గేటు బయటికి పంపబోమన్న కాగితం మీద సంతకం పెట్టాడు. మాత్రలు వంతెన వైపు తిరిగాయి. అప్పుడు కొట్టారు చప్పట్లు, అందరూ లేచి, చిన్న కోడలికి. సిస్టరమ్మ కూడా కొట్టింది, అరచేతులు కాకుండా వేళ్ళు మాత్రమే తగిలేలా. నా తప్పు మీద కూడా చప్పట్లు దానికేనా అనుకుంది.

తర్వాతి సోమవారం సిస్టరమ్మకు పెద్దాఫీసు నుంచి మెమో వచ్చింది. తప్పుడు నమోదులకు సంజాయిషీ అడుగుతూ. ఇరవై ఆరేళ్ళలో అక్కణ్ణుంచి ఆమె పేరు మీద వచ్చిన మొదటి ఉత్తరం అదే. పూర్తి పేరు, ఇంటి పేరుతో సహా, ఒక్క అక్షరం తప్పు పోకుండా టైపు చేశారు. రెండుసార్లు చదువుకుంది. ఉన్నదున్నట్టు రాసి పంపింది. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో ఇంకా తేలలేదు. తేలేలోపు కార్మికులందరికీ మళ్ళీ బీపీ చూడాలి. ఆ పని ఈమే చెయ్యాలని చిన్న కోడలు పట్టుబట్టింది. వేరే నర్సును పంపి చూశారట. ఒక్కడూ చొక్కా చెయ్యి మడవలేదు.

మొదటి చెయ్యి చిన్నన్నది. పట్టీ చుట్టి, రెండు వేళ్ళు దూర్చి చూసి, గాలి కొట్టింది. పక్కన చిన్న కోడలు కొత్త కాగితాల దొంతరతో నిలబడింది. గాలి దిగుతుంటే సిస్టరమ్మ ముల్లు మీంచి కళ్ళు తిప్పకుండా వింది. నూట డెబ్బై రెండు బై నూట ఆరు.

చిన్నన్న ముందుకు వంగి, కొంచెం తగ్గించి రాయొచ్చు కదా అన్నాడు. సంతకం పెట్టిన మేనేజరు మీద అతనికింకా నమ్మకం కుదరలేదు. నిజం చెప్పాలంటే ఆమెకూ కుదరలేదు. రేపెప్పుడైనా ఇతన్ని గేటు బయట చూస్తే ఏం చెయ్యాలో తెలియదు. చేతిలోని పెన్ను అలవాటు కొద్దీ కిందికి లాగుతోంది. దాన్ని గట్టిగా పట్టుకుని నూట డెబ్బై రెండు బై నూట ఆరు రాసింది. మాత్రల పొట్లం చేతిలో పెట్టి, పొద్దున ఒకటి, మానొద్దు అని చెప్పింది. చిన్నన్న ఆ అంకె వైపు చూస్తూ, అయితే తూకం దగ్గరకేనా అని అడిగాడు.

"తూకం దగ్గరకే. కాటా పక్కన స్టూలుంది, కూర్చుని చెయ్యి."

కాగితం అడుగున రెండు గళ్ళున్నాయి. ఎడమవైపు చిన్న గడి కొలిచినవారికి, కుడివైపు పెద్ద గడి పరిశోధకురాలికి. సిస్టరమ్మ ఎడమ గడిలో సంతకం మొదలుపెట్టింది. ఎప్పుడూ పొడి అక్షరాలతో సరిపెట్టే మనిషి, ఈసారి పూర్తి పేరు రాసింది, ఇంటి పేరు కలిపింది, చివరి అక్షరానికి ఒక తోక కూడా తగిలించింది. ఆ తోక గీత దాటి, పక్క గడిలోకి వెళ్ళి, సగం దాకా పాకింది.

చిన్న కోడలు చూసింది. "అక్కా, మీ సంతకం నా గళ్ళోకి వచ్చింది."

"గడి చిన్నగా పెట్టించిందెవరు?" అంది సిస్టరమ్మ తలెత్తకుండా, తర్వాతి మనిషిని లోపలికి రమ్మంటూ.